గుడి చుట్టూ ఎదురుదారి

ఆ ఉదయం ఆకాశం ఏ దిక్కుకూ పక్షపాతం చూపకుండా నాలుగు వైపులా ఒకే తీరున మబ్బు పట్టి ఉంది. వాన పడుతుందని రైతులు అన్నారు, పడదని రేడియో అంది, ఆకాశం ఇద్దరి మాటా విని ఊరుకుంది. అలాంటి ఆకాశం కింద మా ఊరు పట్నంలో కలిసిపోయింది. మనిషి కనిపెట్టినవాటిలో చక్రమే గొప్పదని మా బళ్లో చెప్పేవారు. అది పాత పాఠం. చక్రం చేయడానికి వడ్రంగి చాలు. ఆ చక్రం ఎటు తిరగాలో చెప్పడానికి ఒక శాఖ, ఆ శాఖకు ఒక భవనం, ఆ భవనంలో మధ్యాహ్నం దాకా తెరుచుకోని ఒక గది ఏర్పాటు చేసుకున్న రోజే మనిషి నిజంగా నాగరికుడయ్యాడు.

కలిసిపోవడమంటే మేమెక్కడికో వెళ్లామని కాదు. ఉన్నచోటే ఉన్నాం. పట్నమే కాగితం మీద నూనె బొట్టులా పాకుతూ వచ్చి, మా పొలిమేర రాయిని మర్యాదగా పక్కకు జరిపి, లోపలికొచ్చి కూర్చుంది. మరునాటి నుంచి మేము పట్నవాసులం. గేదెలు మాత్రం ఇంకా పల్లెటూరివే. వాటి దరఖాస్తు పరిశీలనలో ఉంది.

మా ఊరంటే గుడి. ఎప్పటి రాజో కట్టించిన రాతిగుడి. ఏ రాజు అన్న విషయంలో పండితులు రెండు వర్గాలుగా చీలిపోయి ఒకరింట ఒకరు భోజనం చేయడం మానేశారు. గుడి చుట్టూ నాలుగు వీధులు, వీధుల వెంట ఇళ్లు, ఇళ్ల వెనక పెరళ్లు. అంతకుమించి ఊళ్లో ఏమీ లేదు. రాకపోకలకు ఒకే ఒక్క నియమం ఉండేది. దాన్ని ఎవరూ ఎక్కడా రాయలేదు కాబట్టి ఎవరూ తప్పలేదు. నడిచేవాడికి గుడి ఎప్పుడూ కుడిచేతి పక్కనే ఉండాలి. దేవుడి కోసం నడిచినా, దూడ కోసం నడిచినా అంతే. పక్కింటికి వెళ్లి చారెడు ఉప్పు అడగాలంటే, ఆ ఇల్లు రెండో పక్కన ఉన్న పాపానికి, నాలుగు వీధులూ చుట్టి రావాలి. దానివల్ల మా ఊళ్లో చేబదుళ్లు తక్కువ, ఆరోగ్యం ఎక్కువ.

గుడిని ఎడమచేతి పక్కన పెట్టుకుని వెళ్లేది ఒక్క శవమే. అది కూడా సొంతంగా కాదు, నలుగురూ మోస్తే. అందుకే ఎవడైనా పరధ్యానంలో అటు ఒక అడుగు వేస్తే, అరుగు మీది పెద్దవాళ్లు "ఏరా, అంత తొందరగా ఉందా?" అని అడిగేవారు. అడిగితే చాలు, వాడు ఆ రోజంతా ఒంట్లో బాగాలేనట్టే ఉండేవాడు.

పట్నంలో దిశానిర్దేశ విభాగం అని ఒకటుంది. దాని పెద్ద దిశాధికారి. కొత్తగా కలిసిన ఊరిని కళ్లారా చూడాలని ఆయన ఒకరోజు జీపులో వచ్చారు. జీపు పెద్దరోడ్డు దిగి గుడి ముందుకు వచ్చేసరికి తిరగవలసిన వైపున ఒక గేదె పడుకుని ఉంది. (గేదె ఎవరిదో విచారణలో తేలలేదు. తేలితే పన్ను వేస్తారని అందరికీ తెలుసు.) డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టి, గేదె ముఖం చూసి, రెండో వైపు తిప్పాడు. జీపు గుడిని ఎడమ పక్కన పెట్టుకుని నాలుగు వీధులూ తిరిగింది. జీపులో శవం వస్తోందనుకుని మగవాళ్లు తలగుడ్డలు తీసి లేచి నిలబడ్డారు. ఆడవాళ్లు పిల్లల్ని లోపలికి లాగి తలుపులు ఓరగా వేశారు. దిశాధికారి దాన్ని స్వాగతంగా స్వీకరించి, అందరికీ చెయ్యి ఊపారు. శవం చెయ్యి ఊపడం చూసి దర్జీకి జ్వరం వచ్చింది.

ఆయన భవనానికి తిరిగి వెళ్లాక డ్రైవరు నోరు జారాడు, మనం వెళ్లింది ఎదురుదారట సార్ అని. అక్కడ ఒక చిన్న తర్కం నడిచింది. అధికారి తప్పుదారిన వెళ్లడు. అధికారి ఈ దారిన వెళ్లారు. కాబట్టి ఇది ఒప్పుదారి. కాబట్టి రెండోది తప్పుదారి. వారం తిరక్కుండా మా నాలుగు వీధులూ ఒకే వైపు దారులయ్యాయి, గుడి ఎడమచేతి పక్కన ఉండేటట్టు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని మనవాళ్ల సామెత. ఉలిపికట్టె దారికి బాణం గుర్తులు కొట్టడం మేము అప్పుడే చూశాం.

నిబంధన బళ్లకే కదా, నడిచేవాళ్లకు కాదు కదా అని మా దర్జీ జ్వరం తగ్గాక వెళ్లి అడిగి వచ్చాడు. నిర్వచనాల పేజీ తీసి చూపించారట. పాదచారి అనగా రెండు కాళ్ల మీద కదిలే వాహనం. ఇంజను లేకపోవడం అతని ఆర్థిక స్థితికి సంబంధించిన విషయం, దిశకు సంబంధించినది కాదు. ఎద్దు నాలుగు కాళ్ల వాహనం. కుంటి ఎద్దు గురించి స్పష్టత రావలసి ఉంది.

ఊరు ఊరంతా గుడి ముందు చేరింది. దిశాధికారే స్వయంగా వచ్చి (మళ్లీ అదే వైపు నుంచి) మాకు అర్థమయ్యే భాషలో వివరించారు. ఆయన మాట్లాడాక పెద్దత్త లేచింది. పెద్దత్త అంటే పిండిమర నడిపే మా పిండిబావ తల్లి. వరసలతో పని లేకుండా ఊరందరికీ ఆయన బావ, ఆవిడ అత్త. పిండిబావ ఎప్పుడూ కనురెప్పల దాకా తెల్లగా ఉంటాడు. మర తిరుగుతున్నంతసేపూ మాట వినపడదు కాబట్టి మాట్లాడడు, మర ఆగాక అలవాటు లేక మాట్లాడడు. ఆ ఇంటి మాటలన్నీ పెద్దత్తే మాట్లాడేస్తుంది.

"నాయనా," అంది దిశాధికారితో, "మీ అమ్మగారున్నారా?"

ఆయన ఉన్నారన్నారు.

"ఆవిడ్ని ఒకసారి ఇటు నడిపించి చూపించు. తర్వాత నేను నడుస్తా. అందాకా నేను బతికుండగా అటు ఒక్క అడుగు వెయ్యను."

ఊరంతా ఆ మాటే పట్టుకుంది. దిశాధికారి నొచ్చుకోకుండా, అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఇవ్వమన్నారు. ఇచ్చాం. విభాగంలో ఉప దిశాధికారి (ఎడమ), ఉప దిశాధికారి (కుడి) అని రెండు కుర్చీలు ఉన్నాయి. గుడి కుడిచేతి పక్కన ఉండాలన్న మా విన్నపం న్యాయంగా కుడి కుర్చీకి వెళ్లింది. ఆ కుర్చీ మా ఊరి గుడికంటే కొంచెం తక్కువ కాలంగా ఖాళీగా ఉంది.

తర్వాత స్తంభాలు నాటి కెమెరాలు పెట్టారు. ఎదురు ముఖంతో వచ్చేవాళ్ల బొమ్మ తీసి జరిమానా ఇంటికి పంపడం వాటి పని. మా వాళ్లు రెండు రోజులు అరుగుల మీద కూర్చుని వాటిని గమనించారు. పల్లెటూరివాడు చూస్తూ కూర్చున్నాడంటే ఊరికే కూర్చున్నాడని పట్నంవాళ్లు అనుకుంటారు. అది వాళ్లకు చాలా నష్టం చేసింది. మూడో రోజు పాలవాడు సైకిలు హ్యాండిల్ బాణం చూపించిన వైపే పెట్టి, తానూ అటే ముఖం పెట్టి, సైకిలును వెనక్కు నెట్టుకుంటూ గుడిని తన పద్ధతిలో చుట్టి వచ్చాడు. కెమెరా ఏమీ అనలేదు. దానికి ముఖం కావాలి గానీ, మనిషి ఎటు పోతున్నాడో అక్కర్లేదు.

ఆ మధ్యాహ్నానికి ఊరంతా వెనక్కి నడుస్తోంది.

ముఖం ప్రభుత్వం వైపు, కాళ్లు దేవుడి వైపు. చూడటానికి ముచ్చటగా ఉండేది. ఆడవాళ్లు గోధుమల డబ్బాలు నెత్తిన పెట్టుకుని, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ మర దగ్గరకు వచ్చి, వీపుతో గడప తడుముకునేవాళ్లు. పిండిబావ వీపులు చూసి మనిషిని గుర్తుపట్టడం నేర్చుకున్నాడు. ఎవరు వస్తున్నారో ఎవరు పోతున్నారో తెలియక పలకరింపులు మారిపోయాయి. ఎద్దులు మొదట ఒప్పుకోలేదు. తర్వాత మనుషులకే లేని బుద్ధి మనకెందుకని ఒప్పుకున్నాయి. ఒక లాభం మాత్రం జరిగింది. పోతున్న చోటు కనపడకుండా వదిలి వచ్చిన చోటే కనపడుతూ ఉండటం వల్ల, చాలామంది ఏళ్ల తర్వాత తమ ఇంటి గోడను సరిగా చూసి, సున్నం వేయించారు.

కెమెరాలు పంపిన లెక్కల ప్రకారం మా నాలుగు వీధుల్లో నిబంధన నూటికి నూరు పాళ్లు అమలైంది. పట్నంలో మరెక్కడా సగం కూడా లేదు. దిశాధికారికి శాలువా కప్పారు. మా ఊరిని చూసి నేర్చుకోమని మిగతా పేటలకు చెప్పారు. ఏం నేర్చుకోవాలో చూసి రమ్మని ఒక తనిఖీదారును పంపారు. ఆయన వీధి మొదట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తన వైపే ముఖం పెట్టి నడుస్తున్న మనిషి ఎంతసేపటికీ తనను చేరకపోగా, నడిచేకొద్దీ చిన్నవాడైపోవడం గమనించాడు. మొదట కళ్లజోడు తుడుచుకున్నాడు. తర్వాత కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు. సాయంత్రానికి విషయం అర్థమై, గుడి మెట్ల మీద కూర్చుని, చూసిందంతా రాసుకుని వెళ్లాడు.

శాలువా వెనక్కి తీసుకోలేదు. నిబంధనకే ఒక తోక చేర్చారు. ముఖమూ కాళ్లూ ఒకే దిశలో ఉండవలెను. రెండింటికీ మధ్య భేదాభిప్రాయం వచ్చినచో కాళ్లదే తుది నిర్ణయం.

దాంతో వెనకనడక ఆగిపోయింది. వీధుల్లో నడవడమే ఆగిపోయింది. పెరటి గోడలకు నిచ్చెనలు వేశారు. ఒకరి వంటింట్లోంచి ఒకరు, ఒకరి గొడ్లపాకలోంచి ఒకరు వెళ్లడం మొదలైంది. ఏ ఇంట్లో ఏం కూర వండారో దాచుకునే రోజులు పోయాయి. దర్జీ ఇంట్లోంచి రోజూ అరవై మంది పోతుంటే, ఆయన కుట్టుమిషను దగ్గర కూర్చున్నచోటి నుంచే వాళ్ల కొలతలు కంటితో తీసుకునేవాడు. పిండిబావ మర వెనక గోడకు మనిషి పట్టేంత కంత కొట్టి, పైన ఒక గోనెపట్టా వేలాడదీశాడు. డబ్బాలు ఆ కంతలోంచి లోపలికి వచ్చేవి, పిండి ఆ కంతలోంచి బయటకు పోయేది. మర తిరుగుతూనే ఉంది. వీధి వైపు తలుపు ముందు మాత్రం కుక్క నిద్రపోయేది, ఎవరూ లేపేవారు కాదు.

అప్పుడు నోటీసు వచ్చింది.

పట్నంలో ఏ దుకాణానికైనా ఏటా లైసెన్సు కావాలి. లైసెన్సుకు దారి ధ్రువీకరణ కావాలి. అంటే ఆ దుకాణానికి జనం సరైన దిశలోంచి వస్తున్నారని విభాగం లెక్కించి చెప్పాలి. కెమెరాల్లో చూస్తే పిండిమరకు వీధిలోంచి వచ్చినవాళ్లు ఎవరూ లేరు. కాబట్టి అది 'చేరుకోలేని దుకాణం'. చేరుకోలేని దుకాణానికి సీలు వేస్తారు. (సీలు వేయడానికి వాళ్లెలా చేరుకుంటారని కోడలు అడిగింది. కోడలంటే పిండిబావ భార్య. సీలు శాఖ వేరే, వాళ్లకు అన్ని దిశలూ చెల్లుతాయని చెప్పారు.) వెనక కంత సంగతి బావే నిజాయితీగా రాసి పంపుకున్నాడు. కంతలోంచి వచ్చినవారు వినియోగదారుల కిందకు రారు, చొరబాటుదారుల కిందకు వస్తారని జవాబు ఇచ్చారు. అయినా చివరి అవకాశంగా ఒక లెక్కింపు రోజు పెట్టారు. ఆ రోజు మర ముందు యంత్రం పెట్టి, బాణం దిశలో వచ్చినవాళ్లను లెక్కపెడతారు. వచ్చారా, లైసెన్సు. రాలేదా, సీలు. సీలు పడితే బావకు పట్నంలో పెద్ద అంగడి ముందు నిలబడి, వచ్చేవాళ్లకు గాజు తలుపు తెరిచే ఉద్యోగం ఉందని కూడా వాళ్లే దయతో చెప్పారు. అక్కడ యూనిఫాం ఇస్తారట, నల్లటిది.

పిండిబావ ఇల్లిల్లూ తిరిగాడు, పెరళ్లలోంచే. ఆయన అడగనక్కర్లేదు, గుమ్మంలో నిలబడితే చాలు, అందరికీ తెలుసు. అందరూ కన్నీళ్లు పెట్టుకున్నారు. బావా, నీ కోసం ప్రాణమైనా ఇస్తాం గానీ అటు మాత్రం నడవలేమన్నారు. ప్రాణమిస్తే ఎలాగూ అటే పోవాలి కదా అని బావ అనలేదు. ఆయన తత్వం అది కాదు. పట్నంవాళ్లను బతిమాలదామంటే, వాళ్లకు పిండి ప్యాకెట్లోనే పుడుతుంది.

ఇంట్లో మాత్రం ఆ మాట ఎత్తేవాళ్లు కాదు. ఎత్తితే పెద్దత్త మాట మీదకు పోతుంది. ఊరినంతా కట్టేసిన మాట ఆవిడదే. కొడుకు పొయ్యి ఆరిపోయేదీ ఆ మాటతోనే. ఆవిడ ఆ వారం రోజులూ ఎవరినీ తిట్టలేదు. కోడలికి భయం వేసి, అత్తయ్యకు ఒంట్లో బాగాలేదేమోనని వైద్యుణ్ణి పిలుద్దామంది.

లెక్కింపు రోజు పొద్దున్నే విభాగం నుంచి లెక్కలబాబు వచ్చాడు. సన్నటి మనిషి, గొడుగు తెచ్చుకున్నాడు, తన నీళ్ల సీసా తనే తెచ్చుకున్నాడు. మూడు కాళ్ల స్టాండు మీద యంత్రాన్ని నిలబెట్టి, మర గడప మీద కూర్చోవచ్చా అని అడిగి కూర్చున్నాడు. నెత్తిన డబ్బా ఉంటే వినియోగదారు, లేకపోతే బాటసారి, ఇదీ యంత్రానికి నేర్పిన చదువు. లోపల పిండిబావ మరను శుభ్రంగా తుడిచి, బెల్టు బిగించి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఊరంతా గోడల మీంచి, కిటికీల్లోంచి చూస్తోంది. వీధిలో కుక్క ఒకటే ఉంది. దానికి డబ్బా లేదు.

ఎండ గడప దాకా వచ్చింది. లెక్కలబాబు యంత్రం అద్దం తుడిచాడు, లోపం దానిదేమోనని.

అప్పుడు పెద్దత్త లోపల్నుంచి గోధుమల డబ్బా ఎత్తుకుని వచ్చింది. వీధి తలుపు తెరిచింది. కోడలు వెనకే వచ్చి కొంగు పట్టుకుంది.

"వద్దత్తయ్యా. మర పోతే పోయింది."

"వదలవే. చచ్చాక నలుగురూ నన్ను మోసుకుపోయేది ఇటే కదా? అప్పుడు కళ్లు మూసుకుని ఉంటాను. ఇప్పుడు ఒకసారి చూసుకుంటే పోలా?"

డబ్బా నెత్తిన పెట్టుకుంది. గుడి వైపు తిరిగి ఒక్కసారి చూసింది, దణ్ణం పెట్టలేదు, చేతులు ఖాళీ లేవు. తర్వాత గుడిని ఎడమచేతి పక్కన పెట్టుకుని నడిచింది.

గోడల మీద మగవాళ్లు అలవాటు కొద్దీ తలగుడ్డలు తీశారు. తీసి, తమ తప్పు తెలుసుకుని మళ్లీ చుట్టుకున్నారు. ఆవిడ ఎవరి ముఖమూ చూడలేదు. చెప్పులు కూడా వేసుకోలేదు. అటు నడిచేటప్పుడు మా ఊరే కొత్తగా కనపడుతుందని తర్వాత ఎప్పుడో చెప్పింది. దర్జీ ఇంటి కిటికీ అటు పక్కనుంచి చూస్తే వంకరగా ఉందట.

చుట్టి వచ్చి మర ముందు నిలబడింది. యంత్రం చిన్న చప్పుడు చేసింది. లెక్కలబాబు లేచి నిలబడ్డాడు, ఎందుకో ఆయనకే తెలియదు.

"ఒకటి పడిందా?" అంది పెద్దత్త.

"పడిందమ్మా. ఇంకా రావాలి."

ఆవిడ మరలోకి రాకుండా, అదే డబ్బాతో మళ్లీ నడిచింది. మళ్లీ వచ్చింది. యంత్రం మళ్లీ చప్పుడు చేసింది. మూడోసారి వచ్చినప్పుడు ఆవిడే ఆగి, "నన్నే మళ్లీ మళ్లీ లెక్కేస్తోంది, చూశావా?" అని అడిగింది. తర్వాత తగువు రాకూడదని.

లెక్కలబాబు అటూ ఇటూ చూశాడు. "యంత్రానికి గుర్తుండదమ్మా," అన్నాడు. "నాకు గుర్తుంటుంది గానీ, గుర్తుపెట్టుకునే అధికారం లేదు."

నాలుగో చుట్టులో ఆవిడ కాళ్లు తడబడ్డాయి. డబ్బా పక్కకు ఒరిగి, గోధుమలు గుప్పెడు వీధిలో పడ్డాయి. కోడలు ఇంకో డబ్బా నెత్తిన పెట్టుకుని వీధిలోకి దిగింది. అత్తకు రెండడుగుల వెనక. అది చూసి దర్జీ భార్య దిగింది. దర్జీ, మళ్లీ జ్వరం వస్తుందేమోనని మెడకు మఫ్లరు చుట్టుకుని, భార్య వెనక దిగాడు. ఆ తర్వాత గోడల మీద ఎవరూ మిగల్లేదు. డబ్బా ఉన్నవాళ్లు డబ్బాతో, లేనివాళ్లు బిందెతో, పాలవాడు పాలక్యానుతో, ఊరు ఊరంతా పెద్దత్త వెనక, చచ్చినవాళ్ల దారిలో, గుడి చుట్టూ తిరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. గుడి కూడా ఉన్నచోటే ఉంది. పిండిబావ గడపలోకి వచ్చి చూసి, లోపలికి వెళ్లి మర వేశాడు. ఎవరికి ఏ పిండి కావాలో అడగకుండా పోసినవన్నీ ఆడేశాడు. పొద్దు వాలేదాకా యంత్రం చప్పుడు చేస్తూనే ఉంది.

చివరికి అది ఎర్రదీపం వెలిగించి ఆగిపోయింది. లెక్కలబాబు దాని ముఖంలోకి చూశాడు, తర్వాత నీళ్లు తాగాడు. చాలాసేపు తాగాడు.

చేరుకోలేని దుకాణం అన్న మాట కొట్టేశారని చెప్పాడు. ఇక ఎవరూ సీలు వేయలేరు. పిండిమర ఇప్పుడు 'రద్దీ కేంద్రం'. రద్దీ కేంద్రం ఇరుకు వీధిలో ఉండకూడదు కాబట్టి వీధిని వెడల్పు చేస్తారు. వెడల్పు గుడి వైపు కుదరదు, అది పురాతనం. కాబట్టి మర వైపు. మంజూరు యంత్రమే పంపేసింది, మనుషులతో పని లేదు.

ఇంతలోనే రంగు డబ్బా పట్టుకుని ఒకతను వచ్చాడు. (ఊళ్లోకి నీళ్ల గొట్టం అడిగి దరఖాస్తు పెట్టినవాళ్లు కొందరు మనవళ్లను ఎత్తుకున్నారు. రంగు మాత్రం చీకటి పడకముందే వచ్చింది.) అతను చక్కగా కొలిచి, మర పక్కగోడ మీద, వెనక మూల దగ్గర, పైనుంచి కిందకు ఎర్రగీత గీశాడు. మర మొత్తం గీతకు వీధి వైపే ఉంది. వెనక గోడ మాత్రం మిగిలింది, కంత ఉన్నది.

"అంటే రాకపోయి ఉంటే మూసేసేవాళ్లు," అంది కోడలు.

"అవునండి."

"వచ్చాం కాబట్టి కొట్టేస్తారు."

"మరీ ఎక్కువమంది వచ్చేశారండి. కొద్దిమందికంటే ఎక్కువ, చాలామందికంటే తక్కువ రావాలి. ఆ మధ్యలో ఒక అంకె ఉంది."

"ఆ అంకె మాకు ముందే చెప్పొచ్చు కదా బాబూ?"

లెక్కలబాబు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "చెబితే సరిగ్గా అంతమందే వస్తారు కదండీ," అన్నాడు.

పెద్దత్త ఈ మాటలు వింటూ గడప మీద కూర్చుని పాదాలకు అంటిన గోధుమలు ఒక్కొక్కటే తీస్తోంది. ఆవిడ ఏమంటుందోనని అందరం చూశాం. ఆవిడ కోడలి వైపు తిరిగి, ఇంతమంది ఎండలో తిరిగారు, పొద్దున్నుంచి ఎవరూ తిన్నట్టు లేదు, అన్నం వార్చమంది. రంగు వేసినతన్ని కూడా చేతులు కడుక్కోమంది. లెక్కలబాబు తన అన్నం డబ్బా తెచ్చుకున్నానన్నాడు. తెచ్చుకుంటే అందరికీ తలా ముద్ద పెట్టు, అంది. ఆయన డబ్బా తెచ్చి అన్నంలో కలిపేశాడు.

మర ముందు వీధిలోనే వరసగా కూర్చున్నాం. పిండిబావ తల్లికి ఎదురుగా కూర్చున్నాడు. ఆవిడ తన విస్తరిలోంచి సగం తీసి ఆయన విస్తరిలో పెట్టింది, చిన్నప్పుడు పెట్టినట్టే. ఆయన వద్దనలేదు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. దుఃఖం వల్ల అనుకునేరు. పక్కన ఇద్దరు ఉద్యోగులు కూర్చున్నారు, ఏదన్నా అంటే అది విన్నపం అవుతుంది. విన్నపానికి జవాబు వస్తుంది. జవాబు వచ్చిన ప్రతిసారీ మా ఊళ్లో ఏదో ఒకటి తగ్గుతోంది. ఉన్నదాంట్లో ఇంకా అన్నం మిగిలి ఉంది కాబట్టి, తలలు వంచుకుని దాన్ని తిన్నాం.